ముగ్గురుండీ ఒంటరే: ‘సొలారిస్’ సినిమా, ఒంటరితనపు శాస్త్రం

గాలి వచ్చే జాలీకి సన్నటి కాగితపు పేలికలు కట్టి ఉంటాయి. రాత్రి లైట్లు ఆర్పేస్తే వాటి చప్పుడు అచ్చం చెట్టు ఆకుల గలగలలా వినిపిస్తుంది. భూమికి ఎంతో దూరంలో, సొలారిస్ అనే గ్రహం దగ్గరున్న అంతరిక్ష కేంద్రంలో శాస్త్రవేత్తలు నిద్ర కోసం కనిపెట్టిన ఉపాయం ఇది. వాళ్లలో ఒకాయన దీన్ని చూసి ఎగతాళి చేశాడు. కానీ ఆయన కూడా ఇలాంటివే తన గదిలో బీరువాలో దాచుకున్నాడని, తోటి శాస్త్రవేత్త కొత్తగా వచ్చిన మనిషికి చెబుతాడు.

1972లో వచ్చిన రష్యన్ సినిమా ‘సొలారిస్’లోని సంగతి ఇది. దర్శకుడు ఆంద్రే తార్కొవ్‌స్కీ. పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఈ సినిమాకు జ్యూరీ ప్రత్యేక బహుమతి దక్కింది. రెండున్నర గంటలకు పైగా సాగే ఈ సినిమాలో గ్రహాంతరవాసులతో యుద్ధాలుండవు. నీటి అడుగున ఊగే నాచు, హఠాత్తుగా కురిసే వాన, ఖాళీ నడవాలు, ఎంతకీ తెగని నిశ్శబ్దం ఉంటాయి. చూసేవాళ్లకు ఓపిక కావాలి.

కథలోని గ్రహం కల్పితం. అయితే మనిషి పక్కనే మనిషి ఉన్నా ఒంటరితనం ఎందుకు పోదన్న దాని ప్రశ్న మాత్రం నిజమైనది. ఈ యాభై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రం, నాడీ శాస్త్రం, అంతరిక్ష వైద్యం అదే ప్రశ్న చుట్టూ ఎన్నో ప్రయోగాలు చేశాయి. వాటి ఫలితాలు తెలుసుకుని మళ్లీ చూస్తే ‘సొలారిస్’ మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

తలుపు వేసుకున్న ముగ్గురు

కథానాయకుడు క్రిస్ కెల్విన్ మనస్తత్వ శాస్త్రవేత్త. సొలారిస్ కేంద్రం నుంచి అర్థం కాని సమాచారం వస్తుండటంతో, దాన్ని నడపాలా మూసేయాలా తేల్చడానికి అతన్ని పంపుతారు. అతను చేరేసరికి స్వాగతం చెప్పేవారే ఉండరు. ఎందరో పనిచేయడానికి కట్టిన కేంద్రంలో చివరికి మిగిలింది ముగ్గురు. వారిలో గిబారియన్ అనే స్నేహితుడు అప్పటికే ప్రాణాలు తీసుకున్నాడు. స్నౌట్, సార్టోరియస్ అనే ఇద్దరు ఎవరి గదిలో వాళ్లుంటారు. సార్టోరియస్ అయితే తన గది తలుపును వీపుతో అడ్డుకుని నిలబడి మాట్లాడతాడు.

కారణం కాసేపటికి తెలుస్తుంది. గ్రహాన్ని కప్పేసిన సముద్రం ఒక రకంగా ఆలోచించే జీవి. అది నిద్రపోతున్న శాస్త్రవేత్తల జ్ఞాపకాల్లోంచి మనుషుల్ని తయారు చేసి వాళ్ల దగ్గరికే పంపుతోంది. ఆ ‘అతిథులు’ వాళ్ల మనసుల్లో దాచుకున్న అపరాధ భావానికి రూపాలు. అందుకే ఎవరి అతిథిని వాళ్లు మిగతావారి కంట పడకుండా దాచుకుంటారు. ఒకే కప్పు కింద, ఒకే కష్టంలో ఉండి కూడా ఒకరికొకరు చెప్పుకోలేరు.

శాస్త్రవేత్తలు ఇక్కడ రెండు విషయాలను విడదీస్తారు. చుట్టూ మనుషులు, సంబంధాలు తగినంతగా లేకపోవడం ఒకటి. దీన్ని బయటి నుంచి లెక్కపెట్టవచ్చు. కోరుకున్న అనుబంధానికీ దొరికిన అనుబంధానికీ మధ్య ఉన్న తేడా కలిగించే బాధ రెండోది. అది ఆ మనిషికే తెలుస్తుంది. మొదటిది వెలివేత లాంటిది, రెండోది ఒంటరితనం. తెలుగులో ‘ఏకాంతం’ అనే మూడో మాట కూడా ఉంది. కోరి తెచ్చుకున్న ఏకాంతంలో బాధ ఉండదు. మనిషి అడవిలో ఒక్కడే ఉండి హాయిగా ఉండగలడు, పెళ్లి పందిట్లో కూర్చుని ఒంటరిగా ఉండగలడు. ‘సొలారిస్’ కేంద్రంలో ఉన్నది రెండో రకం బాధ.

గాలి చొరబడని గదిలో ఏడాది

ఈ సినిమా తయారవుతున్న కాలంలోనే సోవియట్ యూనియన్ ఈ సమస్యను ప్రయోగశాలలో చూసింది. మాస్కోలోని జీవ వైద్య సమస్యల సంస్థలో 1967 నవంబరు నుంచి 1968 నవంబరు దాకా ముగ్గురు వాలంటీర్లను బయటి ప్రపంచంతో సంబంధం లేని చిన్న గదిలో ఉంచారు. ఒక డాక్టరు, ఒక జీవశాస్త్రవేత్త, ఒక ఇంజినీరు. గాలి, నీరు శుద్ధి చేసుకుని మళ్లీ వాడుకుంటూ మనుషులు ఏడాది బతకగలరా అన్నది పరీక్ష. యంత్రాలు పనిచేశాయి. మనుషుల మధ్య మాత్రం చికాకులు పెరిగాయి. చిన్న అలవాట్లు, ఒకే రకం మాటలు, తప్పించుకోలేని దగ్గరితనం భారమయ్యాయి. కూరమొక్కలు పెంచే చిన్న గది కలిపినప్పుడు ఆ పచ్చదనం వాళ్లకు ఊరటనిచ్చింది.

ప్రపంచంలో మొదటి అంతరిక్ష కేంద్రం సల్యూత్-1 కక్ష్యలోకి చేరింది 1971 ఏప్రిల్‌లో. అంటే మనిషి అంతరిక్షంలో ‘కాపురం’ మొదలుపెట్టిన రోజుల్లోనే తార్కొవ్‌స్కీ తన కేంద్రాన్ని తెర మీద కడుతున్నాడు. 1982లో సల్యూత్-7లో అనతోలీ బెరెజొవోయ్, వాలెంతిన్ లెబెదెవ్ 211 రోజులున్నారు. విసుగు గురించీ, ఇద్దరి మధ్య పొసగని రోజుల గురించీ లెబెదెవ్ తన డైరీలో దాచకుండా రాశాడు. ఆ కేంద్రంలోనే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క విత్తనం నుంచి మొలిచి, పూసి, మళ్లీ విత్తనం పెట్టింది. అంతరిక్షంలో అలా జరగడం అదే మొదటిసారి. 1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ దాదాపు 8 రోజులు గడిపిందీ ఈ సల్యూత్-7లోనే.

ఈ వరుసలో అన్నిటికంటే పెద్ద ప్రయోగం ‘మార్స్-500’. 2010 జూన్ 3 నుంచి 2011 నవంబరు 4 దాకా, 520 రోజుల పాటు, ఆరుగురు పురుషులు మాస్కోలోని నమూనా వ్యోమనౌకలో ఉన్నారు. ముగ్గురు రష్యన్లు, ఒక ఫ్రెంచ్, ఒక ఇటాలియన్, ఒక చైనీయుడు. కుజుడి దాకా వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని అనుకరించారు. సిబ్బందిని జాగ్రత్తగా ఎంపిక చేశారు, ప్రయాణం పూర్తయింది, ఎవరూ మధ్యలో బయటికి రాలేదు. కానీ లెక్కల్లో కొన్ని ఆసక్తికరమైన సంగతులు బయటపడ్డాయి.

నెలలు గడిచేకొద్దీ వాళ్ల కదలికలు తగ్గాయి. ఒకరి శరీర గడియారం 24 గంటల లెక్క తప్పి సుమారు 25 గంటల రోజుకు మారిపోయింది. మిగతావారికి పగలైనప్పుడు ఒక్కోసారి అతనికి రాత్రి. ఒకే గోడల మధ్య ఉండి వేరే రోజులో బతకడమంటే ఇదే. నమోదైన మనస్పర్ధల్లో 85 శాతం ఇద్దరి ఖాతాలోనే ఉన్నాయి. ఒత్తిడి ఎక్కువగా ఉందని చెప్పింది కూడా ఆ ఇద్దరే. మరో ఇద్దరికి చెప్పుకోదగ్గ ఇబ్బందే రాలేదు. తమలో తాము గొడవపడిన దానికంటే బయటున్న నియంత్రణ కేంద్రంతో గొడవపడినట్టు చెప్పిన సందర్భాలు ఐదు రెట్లు ఎక్కువ. ఒకే గది, ఒకే తిండి, ఒకే పని ఉన్నా ఆరుగురివీ ఆరు అనుభవాలు. ఎంతమంది తోడున్నారన్న లెక్క, ఎవరు ఒంటరి అన్నది చెప్పలేకపోయింది.

అది ఒక రకమైన ఆకలి

తోడు లేకపోతే మెదడులో ఏం జరుగుతుంది? అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతులతో ఒక ప్రయోగం చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఒక రోజు పది గంటలు తిండి లేకుండా ఉంచారు. మరో రోజు పది గంటలు ఒంటరి గదిలో, ఫోన్ కూడా లేకుండా ఉంచారు. తర్వాత మెదడు స్కాన్ తీస్తూ బొమ్మలు చూపించారు. ఆకలిగా ఉన్నవాళ్లకు భోజనం బొమ్మ చూపినప్పుడు మధ్య మెదడులో కోరికకు సంబంధించిన చిన్న భాగం స్పందించింది. ఒంటరిగా ఉండి వచ్చినవాళ్లకు నలుగురు కలిసి నవ్వుకుంటున్న బొమ్మ చూపినప్పుడూ అదే భాగం అలాగే స్పందించింది.

మనుషుల కోసం తపించడం బలహీనత అనుకునేవాళ్లకు ఇది జవాబు. శరీరానికి అన్నం కావాలని ఆకలి చెప్పినట్టే, మనిషి కావాలని ఒంటరితనం చెబుతుంది. అమెరికా శాస్త్రవేత్త జాన్ కాసియోప్పో ఈ వాదననే ఏళ్ల తరబడి వినిపించారు. గుంపుగా బతికితేనే ప్రాణం నిలిచిన జాతికి, గుంపు నుంచి తెగిపోతున్నప్పుడు హెచ్చరించే బాధ అవసరమైంది.

ఆ హెచ్చరిక నెలల తరబడి తీరకపోతే? అంటార్కిటికాలోని జర్మన్ కేంద్రం నోయ్‌మేయర్-3లో 14 నెలలు గడిపిన 9 మంది మెదళ్లను వెళ్లే ముందు, వచ్చిన తర్వాత స్కాన్ చేశారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని ఒక భాగం సగటున 7 శాతం దాకా తగ్గినట్టు 2019లో వెల్లడించారు. నెలలు గడిచేది తెల్లటి మంచులో, అవే ముఖాల మధ్య కాబట్టి, ఇందులో తోడు లేమి వాటా ఎంత, మార్పు లేని పరిసరాల వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. తొమ్మిది మందితో చేసిన చిన్న అధ్యయనమన్నదీ గుర్తుంచుకోవాలి.

కెల్విన్ భూమి మీద తన చివరి రోజున తండ్రి ఇంటి చుట్టూ ఉన్న చెరువునూ చెట్లనూ చూస్తూ గడుపుతాడు. సొలారిస్‌కు వెళ్లాక ఒక చిన్న లోహపు డబ్బాలో మొక్క మొలిచి ఉండటం కనిపిస్తుంది. ఆకుల చప్పుడుకు కాగితాలు, తోటకు బదులు డబ్బా. ఆకలి చిన్నచిన్న ఎంగిలి మెతుకులతో సరిపెట్టుకోవడం ఇలాగే ఉంటుంది.

లేని మనిషి ఉన్నట్టు

నిద్ర లేచేసరికి కెల్విన్ ఎదుట హారీ కూర్చుని ఉంటుంది. ఆమె అతని భార్య. పదేళ్ల క్రితం, ఇద్దరి మధ్య గొడవ తర్వాత ప్రాణం తీసుకుంది. ఇప్పుడు అదే ముఖంతో, అదే చీకాకు లేని చూపుతో వచ్చింది. కెల్విన్ మొదటిసారి భయపడి ఆమెను రాకెట్‌లో ఎక్కించి పంపేస్తాడు. ఆమె మళ్లీ వస్తుంది.

ఇది కల్పన. కానీ పోయిన మనిషి గదిలో ఉన్నట్టు అనిపించడం కల్పన కాదు. డ్యూయి రీస్ అనే డాక్టరు మధ్య వేల్స్ ప్రాంతంలో భర్తనో భార్యనో కోల్పోయిన 293 మందితో మాట్లాడి, 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో దాదాపు సగం మందికి చనిపోయిన తోడు ఇంకా పక్కనే ఉన్నట్టు అనిపించింది. కొందరికి కనిపించారు, కొందరికి మాట వినిపించింది. ఎక్కువ మంది దీన్ని ఓదార్పుగానే భావించారు. అయినా చాలామంది డాక్టరుకు చెప్పే దాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పిచ్చి అనుకుంటారని భయం. గది తలుపు వీపుతో అడ్డుకున్న సార్టోరియస్ ఇక్కడ గుర్తుకొస్తాడు.

ఈ అనుభూతిని ప్రయోగశాలలో కూడా కొంత పుట్టించగలిగారు. స్విట్జర్లాండ్‌లో ఒలాఫ్ బ్లాంకె బృందం 2014లో ఒక రోబోను వాడింది. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి ముందున్న మీటను కదిలిస్తే, వెనకున్న రోబో చెయ్యి అదే కదలికతో అతని వీపును తాకుతుంది. కదలికకూ స్పర్శకూ మధ్య అర సెకను ఆలస్యం పెట్టగానే కొందరికి వెనక ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది. భయం వేసి ఇద్దరు ప్రయోగం ఆపమన్నారు. తన శరీరం నుంచి వచ్చే సంకేతాలు పొంతన కుదరనప్పుడు, మెదడు ఆ తేడాను ‘మరో మనిషి’గా లెక్కగడుతుందని పరిశోధకుల వివరణ.

1916లో దక్షిణ జార్జియా ద్వీపపు మంచు కొండలు దాటిన షాకిల్‌టన్, అతని ఇద్దరు సహచరులు తమతో నాలుగో మనిషి నడుస్తున్నట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నారు. అలసిపోయిన, తెగిపోయిన మెదడు మనిషిని కల్పించుకోగలదు. సొలారిస్ సముద్రం చేసే పని, చిన్న మోతాదులో మన తలలోనే జరుగుతుంది.

దేనితోనూ కలవని కణం

ఈ అతిథులు అణువులతో కాకుండా న్యూట్రినోలతో తయారయ్యారని సినిమాలో సార్టోరియస్ చెబుతాడు. భౌతిక శాస్త్రం ప్రకారం అది కుదరదు. న్యూట్రినోకు విద్యుదావేశం లేదు. మిగతా పదార్థంతో అది కలవడం చాలా అరుదు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మన బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు సుమారు 6,500 కోట్లు దూసుకుపోతుంటాయి, మనకు తెలియను కూడా తెలియదు. ఒకదాన్నొకటి పట్టుకోలేని కణాలతో చెయ్యీ ముఖమూ తయారు కావు.

ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లోని కోలార్ బంగారు గనుల లోతుల్లో భారత, జపాన్, బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1965లో వాతావరణ న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. అప్పటికి అదొక కొత్త విషయం. లెమ్ లాంటి రచయితలకు ఆ కణం ఆసక్తిగా తోచడంలో వింత లేదు. అన్నిటి గుండా పోతూ దేనినీ తాకని కణం నుంచి, విడిచి ఉండలేని మనిషిని తయారు చేయడం కథలోని వైచిత్రి.

నకలు మనిషైన చోటు

హారీ మొదట్లో కెల్విన్‌ను విడిచి క్షణం కూడా ఉండలేదు. మధ్యలో మూసిన లోహపు తలుపును ఒళ్లు చీరుకుపోతున్నా పగలగొట్టుకుని వస్తుంది. అప్పటికి ఆమె అతని జ్ఞాపకం మాత్రమే. అతనికి తెలిసినంతే ఆమెకు తెలుసు. అలాంటి తోడుతో కెల్విన్ ఒంటరితనం తీరదు.

గ్రంథాలయంలో స్నౌట్ పుట్టినరోజు సన్నివేశంతో కథ మలుపు తిరుగుతుంది. నువ్వు మనిషివి కావు, ఒక నకలువి మాత్రమే అని సార్టోరియస్ ఆమె ముఖం మీదే అంటాడు. ఆమె వణుకుతూనే జవాబు చెబుతుంది. తాను మనిషిగా మారుతున్నాననీ, బాధ తనకూ ఉందనీ అంటుంది. ఆ తర్వాత కేంద్రం కాసేపు భారరహిత స్థితిలోకి వెళ్తుంది. కొవ్వొత్తుల దీపస్తంభం గాలిలో తేలుతుంది, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పైకి లేస్తారు. నేపథ్యంలో బాఖ్ సంగీతం, గోడ మీద 1565లో బ్రూగెల్ వేసిన మంచులో వేటగాళ్ల చిత్రం. ఇదంతా అర నిమిషమే.

తాను అసలు హారీ కాదని తెలుసుకున్నాక ఆమె అతని జ్ఞాపకంలో లేని పనులు చేయడం మొదలుపెడుతుంది. సందేహిస్తుంది, ఎదురు చెబుతుంది, చివరికి తన గురించి తానే నిర్ణయం తీసుకుని, ఒక ఉత్తరం పెట్టి వెళ్లిపోతుంది. కెల్విన్‌కు నిజమైన అనుబంధం దొరికింది ఆమె అతని చేతుల్లోంచి తప్పుకోగలిగే మనిషి అయిన తర్వాతే. మనకు కావలసింది మరో ప్రపంచం కాదు, మనిషికి మనిషే కావాలని స్నౌట్ చెప్పే మాటకు అర్థం ఇదే.

నవలా రచయిత లెమ్‌కు ఈ మలుపు నచ్చలేదు. మనిషికి అంతుపట్టని జీవితో ఎదురుపడటం గురించి తాను రాస్తే, తార్కొవ్‌స్కీ అపరాధ భావం గురించి సినిమా తీశాడని ఆయన ఫిర్యాదు. అందులో న్యాయం ఉంది. కానీ తార్కొవ్‌స్కీ ఎంచుకున్న ప్రశ్న నేడు మన ఇళ్లలోకి వచ్చేసింది. 2020లో దక్షిణ కొరియా టీవీలో ఒక తల్లి, చనిపోయిన తన పాప రూపాన్ని వర్చువల్ రియాలిటీ కళ్లద్దాల్లో కలుసుకుంది. పోయినవారి సందేశాలు, గొంతులు తీసుకుని వారిలా మాట్లాడే చాట్‌బాట్‌లు తయారవుతున్నాయి. దుఃఖంలో ఉన్నవారికి అవి కొంత ఊరట కావచ్చు. అయితే మన జ్ఞాపకాన్నే మనకు తిరిగి వినిపించేది, అలగలేనిది, అడగలేనిది, మనల్ని ఆశ్చర్యపరచలేనిది మొదటి రోజు హారీ లాంటిదే. ఆకలికి వాసన చూపించడం అవుతుందా, అన్నం పెట్టడం అవుతుందా అన్నది తేలాల్సి ఉంది.

దూర ప్రయాణాల ముందు

ఇది వ్యోమగాములకే పరిమితమైన సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక అనుబంధాలపై వేసిన కమిషన్ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందనీ అంచనా వేసింది. గుండె జబ్బు, పక్షవాతం, కుంగుబాటు ముప్పు పెరుగుతుందని హెచ్చరించింది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన ఇళ్లలో, వీడియో కాల్ అయ్యాక మిగిలే నిశ్శబ్దం తెలుగువారికి పరిచయమే. ఫోన్‌లో ముఖం కనిపించడం, మనసులో మాట చెప్పుకోగలగడం రెండూ ఒకటి కావని వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

భారత్ ఇప్పుడు అంతరిక్షంలో కాపురానికి సిద్ధమవుతోంది. శుభాంశు శుక్లా 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 18 రోజులు గడిపి, పెసలు, మెంతులు మొలకెత్తించి చూశారు. అదే ఏడాది జులైలో బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థలో గగన్‌యాన్ నమూనా గదిలో ముగ్గురు పది రోజులు ఏకాంతంలో ఉన్నారు. ఆగస్టులో లద్దాఖ్‌లోని సో కర్ దగ్గర, చలి, పలచటి గాలి మధ్య కట్టిన నమూనా ఆవాసంలో ఇద్దరు పది రోజులున్నారు. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం ఉండాలన్నది లక్ష్యం. పది రోజులు నెలలైనప్పుడు యంత్రాలతో పాటు మనుషుల మధ్య మాటలూ పనిచేస్తూ ఉండాలి.

ఈ విషయంలో ‘మార్స్-500’ లెక్కలూ ‘సొలారిస్’ కథా ఒకే చోటికి చేరతాయి. సమర్థులైన వారిని ఎంపిక చేయడంతో పని అయిపోదు. ఒకరి నిద్ర చెడినప్పుడు మరొకరికి తెలియాలి. చీకాకు వస్తే చెప్పుకునే చోటు ఉండాలి. భయంగా ఉందన్నా, పోయినవారు గుర్తొస్తున్నారన్నా తక్కువగా చూడని వాతావరణం కావాలి. ఆకుల చప్పుడు కోసం కట్టుకున్న కాగితాలు బీరువాలో దాచుకోవలసిన అవసరం ఎవరికీ రాకూడదు. ఆ కాగితాల సంగతి సార్టోరియస్ ఒక్క మాట బయటికి చెప్పి ఉంటే, ఆ కేంద్రంలో ముగ్గురికీ ఒకే ఆకలి ఉందని ముందే తెలిసేది.